షేక్స్‌పియర్ అత్తారిల్లు



తిన్న ఇంటి వాసాలు లెక్కపెట్టకూడదని మన పెద్దలు చెప్పారు. తినని ఇంటి సంగతి చెప్పలేదు. ఆ ధైర్యంతోనే ఇవాళ మిమ్మల్ని ఒక పరాయి దేశపు ఇంటికి తీసుకెళ్తున్నాను. అక్కడ మనకు విస్తరి వేసేవాళ్ళెవరూ లేరు. కాబట్టి నిశ్చింతగా తలెత్తి వాసాలు, దూలాలు, చూరు, కొప్పు అన్నీ లెక్కపెట్టుకోవచ్చు.

ఊరి పేరు షాటరీ. ఇంగ్లండు మధ్యభాగంలో, వార్విక్‌షైర్ ప్రాంతంలో, స్ట్రాట్‌ఫర్డ్ పట్టణానికి పడమటగా ఓ మైలు దూరంలో ఉంటుంది. స్ట్రాట్‌ఫర్డ్ అనగానే మీలో చాలామందికి షేక్స్‌పియర్ గుర్తొచ్చి ఉంటాడు. 1564లో ఆయన పుట్టింది అక్కడే. మనకూ ఆయనతో చుట్టరికం పాతదే. 1876లోనే వావిలాల వాసుదేవశాస్త్రి గారు జూలియస్ సీజర్ నాటకాన్ని తెలుగులోకి తెచ్చారు. అయితే మనం ఇవాళ వెళ్ళేది షేక్స్‌పియర్ పుట్టింటికి కాదు, అత్తారింటికి.

1582లో 18 ఏళ్ళ విలియం 26 ఏళ్ళ ఆన్ హాథవేను పెళ్ళాడాడు. ఆ ముందు ఏడాదే ఆమె తండ్రి రిచర్డ్ కాలం చేశాడు. కూతురికి పెళ్ళిరోజున 6 పౌండ్ల 13 షిల్లింగుల 4 పెన్నీలు ఇవ్వాలని వీలునామాలో రాసిపోయాడు. ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అంటాం కదా. ఈ రెండింటిలో పెళ్ళి ఖర్చు రిచర్డ్ కాగితం మీద పెట్టి వెళ్ళాడు. ఇల్లు కట్టే కష్టం మాత్రం ఆయనకు పడలేదు. అప్పటికే ఆ ఇంటికి నూరేళ్ళు దాటాయి. దాని పాత భాగంలోని ఓక్ దుంగలు 1463 నాటివి. మన లెక్కలో చెప్పాలంటే, శ్రీకృష్ణదేవరాయలు సింహాసనం ఎక్కడానికి 46 ఏళ్ళ ముందు నిలబెట్టిన ఇల్లు అది.

ఇప్పుడందరూ దాన్ని ఆన్ హాథవే కాటేజ్ అంటారు. ఆ రోజుల్లో దాని పేరు హ్యూలాండ్స్ ఫామ్. కాటేజ్ అంటే అప్పట్లో కూలివాడి గుడిసె. ఇదేమో 90 ఎకరాల సాగు ఉన్న మోతుబరి రైతు ఇల్లు. ఇప్పుడు అందులో 12 గదులున్నాయి. తర్వాతి కాలపు యాత్రికులు దాని గడ్డికప్పు చూసి, ముద్దుగా కాటేజ్ అని పిలిచారు. మన దేశంలో దీనికి తిరగేసిన కథ జరిగింది. బంగళా అంటే మొదట బెంగాలు పల్లెల్లోని గడ్డి ఇల్లు. తెల్లదొరలు ఆ పేరును తమ నివాసాలకు పెట్టుకున్నాక, అది గొప్పింటి పేరైపోయింది. అక్కడ పెద్దిల్లు గుడిసె అయింది. ఇక్కడ గుడిసె పెద్దిల్లయింది. పేర్లను నమ్ముకుని ఇంటిని అంచనా వేయకూడదు. అందుకే దగ్గరికి వెళ్ళి చూద్దాం.

దూరం నుంచి మొదట కనిపించేది కప్పే. బరువుగా, మందంగా, గోడల మీదికి వంగి ఉంటుంది. మేడ గదుల కిటికీలు వచ్చినచోట ఆ గడ్డి కాస్త పైకి లేచి, కిటికీని చుట్టి, మళ్ళీ కిందికి దిగుతుంది. అచ్చం కంటి మీద కనుబొమ్మలా ఉంటుంది. కిందికి వస్తే లేతరంగు గోడలు, వాటి మీద అడ్డంగా నిలువుగా ముదురురంగు దుంగలు. ఇల్లు పొడవుగా సాగుతుంది. ఒక కొన తగ్గుగా, ఇంకో కొన ఎత్తుగా ఉంటుంది. ఇది ఒకేసారి కట్టింది కాదని ఆ ఎగుడుదిగుడే చెప్పేస్తుంది. తగ్గుగా ఉన్నది 15వ శతాబ్దపు ఇల్లు. ఎత్తైన భాగం 17వ శతాబ్దంలో చేరింది. అంతకుముందు హాథవేలు ఇక్కడ కౌలుదార్లు. ఆన్ తోబుట్టువు బార్థలమ్యూ 1610లో ఈ ఆస్తిని కొన్నాడు. ఇల్లు సొంతమయ్యాక దాన్ని పెంచుకోవాలనిపించడం ఏ దేశపు రైతుకైనా సహజమే.

ఇక లోపలికి వెళ్దాం. వాసాలు లెక్కపెట్టే ముందు, అవి దేని మీద ఆనుకున్నాయో చూడాలి.

మన పాకకు నిట్రాడ ప్రాణం. నేలలో పాతిన నిట్రాడలు, వాటి తలల మీద పొడవునా పడుకున్న దూలం, దూలం నుంచి రెండు పక్కలా జారే వాసాలు. షాటరీ ఇంట్లో నిట్రాడ కనిపించదు. మరి అంత బరువైన కప్పు ఎలా నిలిచింది? దానికి అక్కడి వడ్రంగులు పట్టిన ఉపాయం చాలా అందమైనది. వంపు తిరిగి పెరిగిన ఓక్ చెట్టును అడవిలోనే ఎంచుకుంటారు. దాన్ని కొట్టి, నిలువునా రెండు చెక్కలుగా కోస్తారు. ఒకే చెట్టులోంచి వచ్చాయి కాబట్టి రెండింటి వంపూ ఒకటే. వాటిని ఎదురెదురుగా నిలబెట్టి తలలు కలుపుతారు. మీరిప్పుడు రెండు చేతులూ ఎత్తి, వేళ్ళ కొనలు కలిపి, మోచేతులు దూరంగా ఉంచి చూడండి. అదే ఆ ఇంటి అస్థిపంజరం. ఇంగ్లీషువాళ్ళు దాన్ని క్రక్ అంటారు. అలాంటి జతలను కొన్ని అడుగుల ఎడంతో వరసగా నిలిపి, పొడవాటి దూలాలతో కలిపితే ఇల్లు నిలబడినట్టే. కప్పు బరువంతా ఆ వంపుల మీదుగా సరాసరి నేలకు దిగిపోతుంది. గోడ మీద పడదు. గోడ ఉన్నా లేకపోయినా ఇల్లు నిలుస్తుందన్నమాట. ఇంగ్లండు పడమటి, మధ్య ప్రాంతాల్లో ఇలాంటి పాత ఇళ్ళు ఇంకా ఉన్నాయి. తూర్పు జిల్లాల్లో ఈ పద్ధతి కనిపించదు.

ఇంకో విశేషం వినండి. మన వడ్రంగి కలపను బాగా ఎండనిచ్చి గానీ ఉలి పెట్టడు. ఆ కాలపు ఇంగ్లీషు వడ్రంగి ఓక్‌ను పచ్చిగా ఉండగానే చెక్కేవాడు. ఎండిన ఓక్ రాయిలా బిగుసుకుపోయి పనిముట్టుకు లొంగదు. ఒక దుంగ కొసను నాలుకలా చెక్కి, రెండో దుంగలో తొలిచిన గాడిలోకి దూర్చి, రెండింటినీ కలుపుతూ ఓక్ చీల దిగగొట్టేవాడు. ఇనుప మేకుతో పనిలేదు. రెండు దుంగల్లోని చీల రంధ్రాలను కావాలనే కాస్త ఎడంగా తొలిచేవాడు. చీల దిగుతున్నకొద్దీ అది ఆ రెండు దుంగలనూ దగ్గరికి లాగుతుంది. ఏళ్ళు గడిచి కలప ఎండి ముడుచుకుంటుంటే, అతుకులు ఇంకా బిగుస్తాయి. దుంగలు కొంచెం వంగుతాయి, మెలితిరుగుతాయి. ఆ ఇంట్లో తిన్నని గీత వెతికినా దొరకదని చూసినవాళ్ళు నవ్వుకుంటారు. నిజానికి ఆ వంకరే దాని బలానికి గుర్తు.

ఈ చట్రాన్నంతా మొదట నేల మీదే పరిచి, అమర్చి చూసుకునేవాళ్ళు. ఏ దుంగ ఎక్కడికి పోతుందో తెలియడానికి వాటి మీద రోమన్ అంకెలు గీసి, విడదీసి, మళ్ళీ ఇంటి స్థలంలో లేపి నిలబెట్టేవాళ్ళు. పాత కలప ఇళ్ళలో ఆ గీతలు ఇప్పటికీ కనిపిస్తాయి. ఆ వడ్రంగుల పేర్లు మాత్రం ఎవరూ రాసిపెట్టలేదు. వాళ్ళు దుంగలకు వేసిన అంకెలే వాళ్ళ సంతకాలు.

ఇక గోడలు. ఈ సంగతి వింటే మీకు నవ్వొస్తుంది. ఏడు సముద్రాల అవతల ఏదో వింత ఉంటుందని వెళ్తే, ఎదురయ్యేది మన తడికే. దుంగకూ దుంగకూ మధ్య ఖాళీల్లో ఓక్ పుల్లలు నిలువుగా నిలిపి, వాటి మధ్య హేజల్ అనే పొద మొక్క బద్దలు అల్లుతారు. దాని మీద బంకమట్టి, తరిగిన గడ్డి, పశువుల వెంట్రుకలు, పేడ కలిపి తొక్కిన అడుసును రెండు వైపులా మెత్తుతారు. ఆరాక సున్నం కొడతారు. పేడ కలిపిన మట్టి బీటలివ్వదని మన అమ్మమ్మలకు ఎవరు చెప్పారో, వాళ్ళ అమ్మమ్మలకూ వాళ్ళే చెప్పి ఉంటారు. నేల తేమ ఈ మట్టిగోడలను తినేయకుండా అడుగున రాతి పునాది లేపారు. తర్వాతి రోజుల్లో కొన్ని చోట్ల తడిక పాడైతే, ఆ ఖాళీల్లో ఇటుకలు పేర్చారు. చట్రం మాత్రం చెక్కుచెదరలేదు.

ఇలాంటి ఇళ్ళంటే కాలెండర్ల మీద తెల్లగోడ, నల్లదుంగ అనే బొమ్మ మనకు అలవాటు. ఆ నలుపులో చాలాభాగం 19వ శతాబ్దంలో విక్టోరియా రాణి కాలపు మోజు. అంతకుముందు ఓక్‌ను ఉన్నదున్నట్టు వదిలేవాళ్ళు. ఎండకూ వానకూ అది వెండిరంగు తిరిగేది. కొన్ని చోట్ల గోడతో పాటు దుంగకూ సున్నం పూసేసేవాళ్ళు. ఇంటి ముందు ఇప్పుడు కనిపించే పూలతోట కూడా రిచర్డ్ హాథవే ఎరిగింది కాదు. ఆయన కాలంలో ఆ వాకిలి పశువులు, పెంటపోగులు, బురద ఉండే రైతు వాకిలి.

ఇంటి నడుమ పెద్దగది, దానికి ఆనుకుని వంటగది, వాటి మధ్య అటు గుమ్మం నుంచి ఇటు గుమ్మం దాకా ఒక నడవ. మొదట్లో ఆ పెద్దగదికి పైన మేడ లేదు. నేల మీద నిలబడి తలెత్తితే కప్పు గడ్డి దాకా ఖాళీయే. ఆ తరహా ఇళ్ళకు పొగగొట్టం కూడా ఉండేది కాదు. నట్టనడుమ నేల మీద కట్టెల మంట. పొగ పైకి లేచి, వాసాల మధ్య తిరిగి, గడ్డి సందుల్లోంచి తీరిగ్గా బయటికి పోయేది. వాసాలు, గడ్డి పొగచూరి నల్లబడేవి. ఆ పొగ పురుగును దూరంగా ఉంచేది. కన్నీళ్ళు కార్చే పని మాత్రం ఇంట్లోవాళ్ళది.

ఆ పొగ మనకొక మేలు కూడా చేసింది. ఇంగ్లండు దక్షిణ ప్రాంతాల్లో, ముఖ్యంగా డెవన్‌లో, కొన్ని పాత ఇళ్ళ కప్పుల అడుగుపొరలో మధ్యయుగాల నాటి గడ్డి ఈనాటికీ మిగిలి ఉంది. పైపొర పాడైనప్పుడల్లా దాన్ని తీసి కొత్తది వేశారు గానీ, అడుగున నల్లబడ్డ పొరను కదపలేదు. వృక్షశాస్త్రజ్ఞులు దాన్ని విప్పి చూస్తే 500 ఏళ్ళ కిందటి గోధుమ, రై మొక్కలు, వాటితో పాటు ఆనాటి చేలలో మొలిచిన కలుపు కూడా దొరికింది. ఈరోజు ఏ పొలంలోనూ కనిపించని పాత రకాలవి. గాదెలో దాచిన గింజ ఎప్పుడో అయిపోయింది. కప్పు మీద వేసిన గడ్డి మాత్రం ఆ పంట కథ చెప్పడానికి మిగిలింది.

16వ శతాబ్దంలో ఇంగ్లీషు రైతుల చేతికి కాస్త డబ్బు ఆడింది. ఇటుక దొరికింది. దాంతో పొగగొట్టాలు లేచాయి. పొగ గొట్టంలోకి పోయాక, పెద్దగదికి అడ్డంగా దూలాలు వేసి, పైన పడకగదులు చేసుకునే వీలు కలిగింది. ఆ దేశపు పల్లె ఇళ్ళలో వచ్చిన పెద్ద మార్పు ఇదే. హాథవేల ఇల్లు కూడా అలాగే మేడయింది. వంటగదిలో రొట్టెలు కాల్చే పొయ్యి ఇప్పటికీ ఉంది. పొగగొట్టం మీద ఐ, హెచ్ అనే రెండు అక్షరాలు, 1697 అనే అంకె చెక్కి ఉన్నాయి. అవి జాన్ హాథవే పొడి అక్షరాలు. అప్పట్లో జె రాయాల్సిన చోట ఐ రాసేవాళ్ళు. మరమ్మతు చేయించినవాడికి తన గుర్తు వదలాలనిపించిందన్నమాట.

కిటికీల గురించి ఒక్క మాట. గవాక్షం అంటాం కదా, అంటే ఆవు కన్ను. ఇంగ్లీషువాళ్ళు కిటికీకి వాడే విండో అనే మాటకు మూలం పాత నార్స్ భాషలో ఉంది. దాని అర్థం గాలి కన్ను. మనమూ వాళ్ళూ గోడకు కన్నే పెట్టుకున్నాం. పాతరోజుల్లో ఆ కంటికి అద్దం లేదు. చెక్క కమ్ములు, వెనక చెక్క తలుపు, అంతే. అద్దం వచ్చాక కూడా పెద్ద పలకలు చేసే నేర్పు లేక, చిన్నచిన్న ముక్కలను సీసపు పట్టీలతో అతికి వలలా బిగించేవాళ్ళు. అది ఎంత ఖరీదైన వస్తువంటే, ఒకప్పుడు ఇల్లు మారేవాళ్ళు కిటికీల అద్దాలను ఊడదీసి వెంట తీసుకుపోయేవాళ్ళు.

ఇప్పుడు అసలు విషయానికి, కప్పుకు వద్దాం.

పాక నేయడం, ఇల్లు నేయించడం అనే మాటలు మీకు తెలిసే ఉంటాయి. బట్ట నేస్తాం, కప్పూ నేస్తాం. తెలుగులో రెండు పనులకూ ఒకటే మాట. ఇంగ్లండు కప్పు నేతగాడు పని చేస్తుంటే చూసినవాళ్ళకు ఆ మాట ఎంత సరైనదో అర్థమవుతుంది. ఆ దేశంలో మూడు రకాల గడ్డి వాడతారు. ఒకటి చిత్తడి నేలల్లో పెరిగే రెల్లు. తూర్పున నార్ఫోక్ ప్రాంతపు రెల్లుకు పెద్ద పేరు. రెండోది, కంకులు దువ్వి తీసి, కాడ విరగకుండా ఒకే వరసలో కట్ట కట్టిన గోధుమ గడ్డి. ఇది డెవన్ వైపు అలవాటు. మూడోది నూర్చిన మామూలు గోధుమ గడ్డి. షాటరీ లాంటి మధ్య ప్రాంతపు పల్లెల్లో అనాదిగా వాడింది ఈ మూడో రకమే. రెల్లు కప్పు 50 ఏళ్ళ దాకా ఉంటుంది. దువ్విన గడ్డి పాతిక నుంచి నలభై ఏళ్ళు. నూర్చిన గడ్డి ఇరవై ఏళ్ళకు అటూ ఇటూ.

ఈ గడ్డి గుప్పెళ్ళలోంచి వాన ఎందుకు కారదు? రహస్యం రెండు విషయాల్లో ఉంది. ఒకటి వాలు. కప్పు కనీసం 45, మామూలుగా 50 డిగ్రీల వాలులో నిటారుగా ఉండాలి. రెండోది కాడల వరస. చినుకు ఒక కాడ మీద పడి, దాని కొస దాకా జారి, కింది కాడకు తనను అప్పగిస్తుంది. అది ఇంకో కాడకు అప్పగిస్తుంది. అలా చేతులు మారుతూ చూరు దాకా వచ్చి నేల మీద పడుతుంది. కప్పు మందం అడుగు, అంతకు మించి ఉన్నా, తడిసేది పైపైన అంగుళం మేరే. లోపల ఎప్పుడూ పొడిగానే ఉంటుంది. ఆ ఇళ్ళ చూరుకు నీటి గొట్టాలుండవు. చూరునే గోడకు బాగా ఇవతలికి సాగదీస్తారు. చూరు నీళ్ళు గోడను తాకకుండా దూరంగా పడాలి. కింద ఉన్నది మట్టిగోడ కదా. ఆ గడ్డి మందమే చలికాలం ఇంటికి దుప్పటి, వేసవిలో గొడుగు.

నేతగాడు చూరు దగ్గర మొదలుపెట్టి, వరస మీద వరస ఎక్కించుకుంటూ పైకి వెళ్తాడు. ఒక్కో వరస మీద హేజల్ బద్ద అడ్డంగా పరిచి, దాన్ని పిన్నులతో కిందికి బిగిస్తాడు. ఆ పిన్నులు కూడా హేజల్‌వే. చీల్చిన బద్దను నడుమ మెలితిప్పి మడిస్తే, ఆడవాళ్ళు కొప్పులో గుచ్చుకునే పిన్నులా తయారవుతుంది. కొప్పు అంటే గుర్తొచ్చింది. ఇంటి వెన్ను మీద రెండు వాలులూ కలిసే చోటును మనమూ కొప్పే అంటాం. ఎండా వానా ముందుగా దెబ్బకొట్టేది దాన్నే. కాబట్టి కప్పంతా బాగానే ఉన్నా, ప్రతి పది పదిహేనేళ్ళకోసారి కొప్పు మాత్రం కొత్తగా వేయాలి. ఆ పనిలోనే నేతగాడు తన చేతివాటం చూపిస్తాడు. కొప్పు అంచును అలలుగా, కోసులుగా కత్తిరిస్తాడు. పైన బద్దలతో అల్లికలు వేస్తాడు. ఆ అల్లిక చూసి ఇది ఫలానా చేతి పని అని తోటి నేతగాళ్ళు పోల్చుకుంటారట.

ఇంత మంచి కప్పుకు ఒక్కడే శత్రువు. అగ్ని. లండన్ నగరం 1212లో జరిగిన పెద్ద అగ్నిప్రమాదం తర్వాత గడ్డికప్పులు వేయరాదని కట్టడి చేసింది. స్ట్రాట్‌ఫర్డ్ పట్టణం 1594లో, 1595లో, మళ్ళీ 1614లో కాలింది. ఆ పట్టణపు బిడ్డ షేక్స్‌పియర్‌కు కూడా ఈ నిప్పు సెగ బాగానే తగిలింది. 1613 జూన్ 29న లండన్‌లోని గ్లోబ్ నాటకశాలలో ఆయన ఎనిమిదో హెన్రీ నాటకం ఆడుతుండగా, సన్నివేశం కోసం పేల్చిన చిన్న ఫిరంగి నిప్పురవ్వ గడ్డికప్పు మీద పడింది. నాటకశాల మొత్తం బూడిదైంది. బుద్ధొచ్చినట్టు, తిరిగి కట్టినప్పుడు పెంకులు వేశారు. మన కాలంలో 1997లో ఆ నాటకశాలను పాత పద్ధతిలో మళ్ళీ కట్టి తెరిచినప్పుడు, దానికి గడ్డికప్పే వేశారు. 1666 నాటి మహా అగ్నిప్రమాదం తర్వాత లండన్‌లో అనుమతి దొరికిన మొదటి గడ్డికప్పు అదే. దాని లోపల మంటలార్పే నీటి గొట్టాలు కూడా అమర్చారనుకోండి.

హాథవేల ఇల్లు అన్ని శతాబ్దాలు తప్పించుకుని, 1969లో దొరికిపోయింది. మంటలు ఇంటిని బాగా దెబ్బతీశాయి. అయితే ఏం చేశారు? కాలిన చోట కొత్త ఓక్ అతికారు. కప్పు మళ్ళీ నేశారు. అతుకు పెట్టడం, మళ్ళీ నేయడం ఆ ఇంటికి 1463 నుంచీ అలవాటే కదా.

ఈ మాట దగ్గర ఒక్క క్షణం ఆగుదాం. మనం ఒక కట్టడాన్ని పాతది అన్నప్పుడు దానిలో పాతది ఏమిటి? కోటగోడ అయితే రాయి పాతది. గుడి అయితే శిల్పం పాతది. ఈ ఇంట్లో కప్పు ఎన్నో తరాలు మారింది. గోడల మట్టి మారింది. మేడ మధ్యలో వచ్చింది. పొగగొట్టం తర్వాత వచ్చింది. ఒక పక్క గదులు ఇంకా తర్వాత వచ్చాయి. అందులో నిజంగా తెగకుండా సాగి వచ్చింది ఒక్క అలవాటు. ఇరవై ఏళ్ళకోసారి ఎవరో ఒకరు నిచ్చెన వేసి పైకెక్కడం. ఒక్క తరం బద్ధకించి ఎక్కకపోయి ఉంటే, కప్పు కారేది. కప్పు కారితే మట్టిగోడ జారేది. దుంగ కుళ్ళేది. యాభై ఏళ్ళలో అక్కడ నేల చదునైపోయేది. రాతి కోట మనుషులు వదిలేసినా శిథిలంగానైనా నిలుస్తుంది. గడ్డి ఇల్లు శిథిలం కూడా కాలేదు. అది బతికుంటుంది, లేకపోతే ఉండనే ఉండదు.

ఈ సంగతి ఆ దేశం వాళ్ళకు కూడా ఆలస్యంగానే తెలిసింది. 19వ శతాబ్దపు మొదట్లో ధనవంతులకు గడ్డి ఇళ్ళ మీద మోజు పుట్టింది. బ్రిస్టల్ దగ్గర బ్లేజ్ హామ్లెట్‌లో 1811 ప్రాంతంలో జాన్ నాష్ అనే పేరున్న వాస్తుశిల్పి ముద్దుముద్దుగా తొమ్మిది ఇళ్ళు కట్టాడు, పెద్ద ఎస్టేటులో పనిచేసి వయసుడిగిన నౌకర్ల కోసం. మరోపక్క నిజమైన పాత ఇళ్ళు కూలిపోతూనే ఉన్నాయి. 1892లో హాథవేల ఇంటిని షేక్స్‌పియర్ జన్మస్థల ట్రస్టు కొంది. ఆ వంశంలోని మేరీ బేకర్ అనే పెద్దావిడ అప్పటికీ అక్కడే ఉంటూ, వచ్చినవాళ్ళకు ఇల్లు చూపించేది. నాలుగేళ్ళ తర్వాత, 1896లో, అప్పుడే పుట్టిన నేషనల్ ట్రస్ట్ అనే సంస్థ తన మొదటి కట్టడాన్ని కొన్నది. అది రాజభవనం కాదు. ససెక్స్ ప్రాంతంలో ఆల్ఫ్రిస్టన్ అనే పల్లెలో, కూలడానికి సిద్ధంగా ఉన్న చర్చి పూజారి ఇల్లు. కలప చట్రం, గడ్డికప్పు. సుద్దరాయి పొడిని దిమ్మిసా కొట్టి, పులిసిన పాలతో బిగించిన నేల. దాని ధర 10 పౌండ్లు. ఇవాళ దేశమంతటా కోటలు, భవనాలు, సముద్రతీరాలు కాపాడుతున్న సంస్థ, తన లెక్క ఒక గడ్డి ఇంటితో మొదలుపెట్టింది.

ఇల్లు కొంటే సరిపోదు, గడ్డి కావాలి కదా. అక్కడ కొత్త చిక్కు వచ్చింది. హరిత విప్లవం తర్వాత మనకు వరిలో జరిగిందే, వాళ్ళకు గోధుమలో జరిగింది. గింజ ఎక్కువ, కాడ పొట్టి. ఆ పొట్టి కాడతో కప్పు నేయలేం. పైగా కోత యంత్రం గడ్డిని నలిపి నుజ్జు చేస్తుంది. ఎక్కువ నత్రజని ఎరువు తిన్న కాడ మెత్తబడి త్వరగా కుళ్ళుతుంది. అందుకని కొందరు రైతులు మారిస్ విడ్జన్ లాంటి పొడుగు కాడ రకాలను కప్పుల కోసమే వేస్తున్నారు. పాతకాలపు కోత యంత్రాలతో కోసి, కట్టలు కట్టి, కుప్పలు పెడుతున్నారు. అంటే ఒక ఇంటి కప్పు నిలవాలంటే ఒక పొలం నిలవాలి. ఆ పొలంలో ఒక విత్తనం నిలవాలి. ఆ గడ్డిని పట్టి చూసి మంచిదో కాదో చెప్పే ఒక చేయి నిలవాలి. ఇందులో ఏ ఒక్కటి తెగినా, ఎంత డబ్బు పోసినా ఆ ఇల్లు దక్కదు.

శ్రోతలారా, ఉత్తరాంధ్ర తీరంలో గుండ్రటి చుట్టిళ్ళు మీరు చూసే ఉంటారు. చూరు నడుము ఎత్తుకు దిగి, తుఫాను గాలిని పక్కకు జార్చే ఇళ్ళవి. వాటిని నేసేవాళ్ళు ఇంకా కొందరున్నారు. డాబాలో ఉన్నవాళ్ళను మళ్ళీ పాకలోకి వెళ్ళమని నేను అడగను. ఎండాకాలం నిప్పు భయం, వానాకాలం పాము భయం తెలిసినవాళ్ళెవరూ ఆ మాట అనరు. నేనడిగేది చిన్న పని. మీ ఊళ్ళో కప్పు నేయడం తెలిసిన పెద్దాయన ఎవరైనా ఉంటే, ఓ సాయంత్రం వెళ్ళి ఆయన పక్కన కూర్చోండి. తాటాకు ఏ నెలలో కొట్టాలో, ఏ కట్టు ఎక్కడ వేయాలో, ఏ వాసానికి ఏ పేరో అడిగి, మీ పిల్లల చేత ఓ పుస్తకంలో రాయించండి.

షాటరీలో ఆ దుంగలు నిలబెట్టిన వడ్రంగి పేరు మనకు తెలియదు. మొదటి కప్పు నేసినవాడి పేరూ తెలియదు. మన ఊళ్ళో ఉన్నవాడి పేరైనా మనకు తెలిసి ఉండాలి.